పొయ్యి దాకా వెళ్ళిన మొక్కలు

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. వెతుక్కుంటూ ఒక్క మాస్టారూ మా ఇంటికి రాలేదంటే, నా చదువెలాంటిదో మీరే అర్థం చేసుకోండి.

ఎనభైల చివర్లో కలకత్తాలోని ఏక్‌బాల్‌పూర్ పేటలో ఉంటూ, ఆ ఊళ్ళోనే ఒక కాలేజీ తోటలో మాలీగా పనిచేసేవాణ్ణి. అక్కడ పరిశోధన చేస్తున్న మన తెలుగమ్మాయి సుజాత, బెంగాల్ పడమటి కొసనున్న పురూలియా జిల్లా మెట్టనేలల్లో కనుమరుగవుతున్న ఒక పొదమొక్కను గింజల నుంచి పెంచుతోంది. వానలు పడగానే వాటిని మళ్ళీ ఆ నేలలోనే నాటాలని ఆమె పట్టుదల.

ఎండాకాలంలో ఆమె మొక్కల్ని నాకప్పగించి, అక్కడ గోతులు తవ్వించడానికి పురూలియా వెళ్ళింది. వారంలో మొక్కల ఆకులన్నీ రాలిపోయాయి. నా చేతిలో చచ్చాయని భయపడి, అన్నీ పీకి, కాలేజీ గేటు దగ్గరి టీకొట్టు పొయ్యి పక్కన పడేశాను.

మర్నాడే సుజాత వచ్చింది. "మొక్కలేవి దాదా?" బెంగాలీల అలవాటు పట్టుబడి, అన్నా అనడానికి ఆమె నన్ను దాదా అనేది, అక్కా అనడానికి నేను దీదీ అనేవాణ్ణి.

"ఎండిపోనాయి దీదీ. పీకీసినాను."

ఆమె పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. అప్పటికే ఒక కట్ట మంటల్లో ఉంది. మిగిలిన వాటిలో ఒక పుల్లను గోటితో గీకితే లోపల పచ్చగా ఉంది! ఆకులు రాల్చి ఎండను తట్టుకోవడం ఆ మొక్క అలవాటట. నేను పొయ్యి పక్కనే తల పట్టుకుని కూలబడ్డాను.

"తర్వాత బాధపడదాం. గోనెసంచులు తడపండి" అంది.

మొక్కల వేళ్ళకు తడిగోనె చుట్టి ఉంచి, సాయంత్రం దాకా ఒక్కొక్కటే మళ్ళీ కుండీల్లో నాటాం.

తొలి వానకు చాలావాటికి చిగుళ్ళొచ్చాయి. వాటిని పురూలియా లారీ ఎక్కిస్తూ, "ఆకు నేకుండా అలా పడుంటే చచ్చినాయనుకోనా ఏటి, దీదీ?" అని సమర్థించుకున్నాను.

సుజాత నవ్వకుండా అంది: "మధ్యాహ్నం అన్నం తిన్నాక మీరూ అలాగే పడుంటారు దాదా. మిమ్మల్ని ఎవరైనా పొయ్యి దగ్గర పడేశారా?"