నాయన నమ్మిన ముల్లు

మా నాయనకు లోకంలో రెండంటేనే భయం. ఒకటి మా అవ్వ నోరు. రెండోది కారులో స్టీరింగు పక్కన ఇంజన్ వేడి చూపించే ముల్లు. ఒక ఎండాకాలం ఆ ముల్లును లెక్కచేయక ఇంజన్ మాడ్చుకున్నాడు. ఎడ్లు కట్టి కారును ఆళ్లగడ్డకు లాగించుకొస్తుంటే బజారంతా నవ్వింది. అప్పటినుంచి రోడ్డుకంటే ముల్లునే ఎక్కువ చూస్తూ నడిపేవాడు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, దసరాకు, తొలికాన్పు కోసం నేను పుట్టింట్లో ఉన్నాను. ఆయుధపూజ నాడు ఇంట్లో పెత్తనమంతా అవ్వది. నాగలికీ, ఎద్దులబండికీ, కారుకూ నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. అంతకుముందు ఏడు కారు ముందు కట్టిన దండను మేకలు తినేశాయని, ఈసారి బానెట్ ఎత్తించి, ఇనుప తీగకు గుచ్చిన దండను లోపల ఇంజన్ పక్కనే కట్టింది.

"ఇంగ ఏ మేక తింటాదో నేనూ చూస్తా" అంది.

మర్నాడు తెల్లవారుతూనే నాకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కడుపు తడిమి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, తన చేతిలో లేదనీ, నంద్యాల ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ చెప్పింది. వెనక సీట్లో అవ్వ ఒళ్లో తలపెట్టుకుని పడుకున్నాను. శిరివెళ్ల దాటాక ఒక గుంతలో కారు ఎగిరిపడింది. ఆ వెంటనే నాయన "అయిపాయ" అన్నాడు. ముల్లు చివరికంటా పోయి నిలబడింది.

కారాపి, తడి తువ్వాలు వేసి రేడియేటర్ మూత మెల్లగా తిప్పాడు. ఆవిరి లేదు. నీళ్లు నిండుగా ఉన్నాయి. అయినా ఆయన కదలడు.

"సల్లారనీ తల్లీ. ఈడ ఇంజన్ మాడితే మనల్ని నంద్యాలకు చేర్చేదెవరు?"

"దానికంటే ముందు నేను సల్లారిపోతా నాయనా!"

నిజానికి నా ప్రాణం గురించి నాకంత బెంగ లేదు. లోపల బిడ్డ కదలడం తగ్గినట్టు అనిపించి మాటిమాటికీ కడుపు తడుముకుంటున్నాను. అవ్వ అహోబిలం నరసింహస్వామికి మొక్కు మీద మొక్కు మొక్కుతోంది.

చింతచెట్టు నీడలో చాలాసేపు నిలిచాక నాయన తాళం తిప్పాడు. ఇంజన్ ఇంకా అందుకోనేలేదు, ముల్లు మాత్రం ఎగిరి చివర కూర్చుంది.

"ఇంగా సల్లారలా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నొప్పిలోనే లేచి కూర్చున్నాను.

"ఏంది నాయనా, ఇంతసేపు నీడలో నిలబెట్టినా సల్లారని ఇంజన్ యాడన్నా ఉంటాదా? ఆ ముల్లు మాట పక్కన పెట్టి, నీ చెయ్యి పెట్టి చూడు!"

పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది. అప్పుడు ఇంజన్ నుంచి ముల్లుకు పోయే కరెంటు తీగ వెంబడి వెతికాడు. గుంతలో పడ్డప్పుడు అవ్వ దండ జారి, దాని ఇనుప తీగ ఒక కొస కరెంటు తీగ మొనకూ, ఇంకో కొస ఇంజన్‌కూ తగులుకుని ఉంది. దండ పీకేయగానే ముల్లు బుద్ధిగా కిందికి దిగింది.

నాయన దండను చేత్తో పట్టుకుని అవ్వవైపు చూశాడు.

"ఈసారి గూడా మేకే తినింటే బాగుండు గదరా" అంది అవ్వ.

ఆ నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత నాయన నంద్యాల చేరేదాకా ఎక్కడా ఆపలేదు, ముల్లు వైపు చూడనూ లేదు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. దాని ఏడుపు విన్నాక నేనూ హాయిగా ఏడ్చాను.

సాయంత్రం నర్సు నాకు థర్మామీటర్ పెట్టి చూసి, జ్వరం లేదంది.

"ఆ ముల్లు సరిగ్గానే చూపిస్తాండాదా తల్లీ?" అని గుమ్మంలోంచి నాయన అడిగాడు.

ఇందులో ముల్లు ఉండదని నర్సు నవ్వింది. ఆయన నవ్వలేదు. లోపలికి వచ్చి నా నొసట చెయ్యి పెట్టాడు, తర్వాత బిడ్డ నొసట పెట్టి అలాగే ఉంచాడు. ఆ చేతికి ఇంకా నిమ్మకాయ వాసన పోలేదు.

"ఇద్దరూ బాగుండారు" అని అవ్వతో చెప్పి, కళ్లు తుడుచుకున్నాడు.