గుట్ట కింద ‘4 లో’ బోర్డు

పదవీ విరమణకు ఇంకో రెండు వానాకాలాలు ఉన్నాయనగా, ఒక జూలై నెలలో, మా కంపెనీ నన్ను కోరుట్ల క్యాంపుకు పంపింది. హైటెన్షన్ కరెంటు లైన్లకు టవర్లు నిలబెట్టే కంపెనీ మాది. జగిత్యాల వైపు నుంచి సిరిసిల్ల వైపు పోయే ఒక లైను పని అప్పుడు నడుస్తోంది. నా హోదా సీనియర్ వాహన శిక్షకుడు. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు నడిపే డ్రైవర్లకు తర్ఫీదు ఇవ్వడం, పరీక్ష పెట్టడం, పనికొస్తాడో రాడో రాసివ్వడం నా పని. ఈసారి అప్పగించింది మాత్రం వేరు. మిగతా సైట్లలో ఏళ్ల తరబడి నడిచే క్లచ్ ప్లేట్లు ఈ ఒక్క క్యాంపులో కొద్ది నెలలకే మాడిపోతున్నాయి. ఎందుకో కనిపెట్టి చెప్పాలి.

నేను పుట్టింది సిరిసిల్లలో. ఇంట్లో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆడుతుండగా పెరిగాను. సాంచె చప్పుడు కొంచెం మారితే మా నాయన గాఢనిద్రలోంచి కూడా లేచి కూర్చునేవాడు. ఆ చెవి నాకూ వచ్చిందని నా నమ్మకం. మోటారు పని కోసం చిన్న వయసులోనే ఊరు విడిచి, దేశమంతా తిరిగి, చివరికి సొంత ఊరికి గంటన్నర దూరంలో పని పడేసరికి సంతోషించాను. క్లచ్ ఎందుకు మాడుతోందో వారంలో తేల్చేస్తానని కూడా అనుకున్నాను.

సైట్ ఇన్‌చార్జి గుంటూరు వైపు మనిషి. నాకంటే బాగా చిన్నవాడు, చురుకైనవాడు, కాస్త తొందర మనిషి. నేను చెప్పులు విడవకముందే దోషిని చూపించేశాడు. “మల్లేశమండీ. మస్కట్ నుంచి వచ్చాడు. ఇదీ ఎడారే అనుకుని తొక్కేస్తున్నాడు. మీరు పనికిరాడని రాసివ్వండి, పంపించేస్తాను” అన్నాడు. ఎక్కువ క్లచ్చులు పోయింది అతని చేతిలోనే. కానీ గుట్ట మీది టవర్లకు ఇనుము మోసే బండి కూడా ఎక్కువగా అతని చేతిలోనే ఉంది. కాబట్టి అది రుజువు కాదని నాకు అనిపించింది.

మల్లేశానిది మెట్‌పల్లి దగ్గర ఊరు. పన్నెండేళ్లు గల్ఫ్‌లో ఎడారి క్యాంపుల బండ్లు నడిపి, కిందటి ఏడే తిరిగి వచ్చాడు. మొదటి రోజే చాయ్ తాగుతుంటే నా పక్కన నిలబడి సూటిగా అడిగాడు.

“ఉంచుతరా పంపుతరా, గదొక్కటి జెప్పుండ్రి సార్. నా పాస్‌పోర్ట్ మెట్‌పల్లిల ఏజెంట్ కాడ ఉంది. వీసా వచ్చింది, ఎప్పుడు పోతవ్ అని ఆయన రోజూ ఫోన్ జేస్తుండు. ఈ నౌకరి ఉంటే పోను.”

పోవడం ఇష్టం లేదా అని అడిగాను.

“ఇప్పుడిప్పుడే నా బిడ్డ నాతోటి కొట్లాడుతుంది సార్. నేను ఆడ ఉన్నన్ని రోజులు ‘మంచిగున్నవా బాపు’ అనేది, ‘ఉన్న బిడ్డ’ అనేటోణ్ణి. గంతే. ఇప్పుడు పొద్దున లేస్తే కొట్లాటనే. కాలేజీకి లేట్ జేస్తున్నవ్ అని, నా చార్జర్ తీసినవ్ అని. మళ్ళ పోతే గా కొట్లాట పోతది.”

అతను నవ్వుతూనే చెప్పాడు. ఒక మనిషి ఇంట్లో ఉండాలా, సముద్రం దాటాలా అన్నది నేను రాసిచ్చే నాలుగు వాక్యాల మీద ఉందని అప్పుడు తెలిసింది.

ముందు బండి సంగతి చెప్పాలి. మా బండ్లలో గేరు పక్కన ఒక గుండ్రటి మీట ఉంటుంది. దాని చుట్టూ 2H, 4H, 4L అని మూడు గుర్తులు. మొదటిదాంట్లో వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. తారు రోడ్డుకు అదే. రెండోది, ‘ఫోర్ హై’, నాలుగు చక్రాలకూ బలం ఇస్తుంది. ఇసుక, మట్టిబాట, తడి గడ్డి లాంటి చోట్లకు. దీన్ని బండి నడుస్తుండగానే వేయవచ్చు. మూడోది, ‘ఫోర్ లో’, నాలుగు చక్రాలకూ బలం ఇస్తూనే వేగాన్ని బాగా తగ్గించి లాగుడు పెంచుతుంది. బరువుతో గుట్ట ఎక్కాలంటే అదే దిక్కు. అది వేయాలంటే బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి, క్లచ్ తొక్కి, మీటను లోపలికి నొక్కి తిప్పాలి. దీపం కాసేపు మిణుకుమని, పడ్డాక నిలకడగా వెలుగుతుంది.

ఇవి కాక రెండు బటన్లు. ఒకటి ట్రాక్షన్ కంట్రోల్‌ది. ఏదైనా చక్రం పట్టు తప్పి ఉత్తినే తిరుగుతుంటే ఈ ఏర్పాటు దానికి బ్రేకు వేసి, బలాన్ని పట్టు ఉన్న చక్రానికి పంపుతుంది. ఇంజను జోరును కూడా తగ్గిస్తుంది. అది ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, వద్దనుకుంటే బటన్ నొక్కి ఆపాలి. రెండోది డిఫరెన్షియల్ లాక్. వెనక రెండు చక్రాలనూ కట్టేసి ఒకేలా తిప్పుతుంది.

క్యాంపులో డ్రైవర్లందరిదీ ఒకే ఫిర్యాదు: “లాక్ పడ్తలేదు సార్.” గుట్ట మీద బటన్ నొక్కితే దీపం మిణుకుమంటుందట, లాక్ మాత్రం పడదట. మెకానిక్ వైర్లన్నీ విప్పి చూశాడు, దోషం దొరకలేదు. నేను షెడ్డు ముందు ఒక్కో బండిలో కూర్చుని ఫోర్ లో వేసి, లాక్ నొక్కి చూశాను. అన్నిటికీ పడింది. షెడ్డు దగ్గర పడే లాక్ గుట్ట మీద ఎందుకు పడదు? ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. నిజం చెప్పాలంటే క్లచ్ సంగతి కన్నా ఇదే ఎక్కువ సరదాగా అనిపించింది.

మర్నాడు మల్లేశాన్ని వెల్గటూర్ వైపు గోదావరి ఒడ్డుకు తీసుకుపోయాను. పొడి ఇసుక మేట ఒకటి చూపించి, నీ ఇష్టం వచ్చినట్టు దాటమన్నాను. అతను దిగి చక్రాల్లో గాలి తగ్గించాడు. ఫోర్ హై వేశాడు. ట్రాక్షన్ కంట్రోల్ ఆపేశాడు. ఒకే జోరుతో, ఎక్కడా ఆగకుండా, పెద్ద వంపు తిరిగి వచ్చి నా ముందు నిలిపాడు. ఇసుకలో ఇంజను జోరు తగ్గితే చక్రం కూరుకుపోతుంది కాబట్టి ఆ బటన్ ఆపడం సరైన పని. “ఉస్కెల ఆగినమంటే ఆడనే ఉంటం సార్” అన్నాడు. క్లచ్ మీద అతని కాలు వెన్న మీద పెట్టినట్టుంది. ఇలాంటివాడు క్లచ్ మాడుస్తాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మరి మాడుతున్నది అబద్ధం కాదు.

ఇక గుట్ట. క్యాంపుకు కొద్ది దూరంలో ఉంది. అడుగున నల్లరేగడి, పైకి పోతే కంకర మట్టి పరిచిన మొరం బాట, మధ్యలో ఒక వంకర మలుపు. కింద చదును మీద పసుపు రంగు బోర్డు పాతారు: ‘ఇక్కడి నుండి వాహనం 4 లో నడపవలెను.’ పాత సైట్లలో ఇలాంటి బోర్డుల మీద ఇంగ్లిషు అక్షరాలే ఉండేవి. డ్రైవర్లందరికీ తెలియాలని ఈ ఇన్‌చార్జి పట్టుబట్టి తెలుగులో రాయించాడు. మంచి పనే చేశాడని మెచ్చుకున్నాను కూడా.

అక్కడొక నియమం ఉంది. ఫోర్ హై నుంచి ఫోర్ లోకి మార్చేటప్పుడు ఒక క్షణం చక్రాలకు, ఇంజనుకు సంబంధం తెగుతుంది. వాలు మీద ఆ పని చేస్తే బండి వెనక్కి జారిపోతుంది. అందుకని డ్రైవరు సొంతంగా మోడ్ మార్చకూడదు. కింద బోర్డు దగ్గరే ఆపి, పైనున్న ఇన్‌చార్జి వాకీటాకీలో చెప్పినట్టు వేసి, వేశానని జవాబు చెప్పి బయలుదేరాలి. ఏ సైట్‌లోనైనా నేను దూరంగా నిలబడి చూసి మార్కులు వేసేవాణ్ణి. ఆ రోజు ఎందుకో మల్లేశం పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాను.

ముందు రోజు వాన పడింది. వెనక టవరు ఇనుము నిండా ఉంది. బోర్డు దగ్గర ఆపాడు. వాకీటాకీ గరగరమంది.

“మల్లేశం, ఫోర్ లో పెట్టు.”

మల్లేశం మీటను ఒక్క గడి తిప్పాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

“ఫోర్ల పెట్టిన సార్.”

“సరే, రా.”

మీట 4H దగ్గర ఉంది. నా కళ్ల ముందే అబద్ధం చెప్పాడని ఒళ్లు మండింది. అసలే నాకు ముక్కు మీద కోపం. నోటి దాకా వచ్చిన తిట్టును ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు. బహుశా అతని ముఖంలో ఎక్కడా బెదురు లేకపోవడం వల్ల కావచ్చు. చూద్దాం, ఏం చేస్తాడో చూద్దాం అని ఊరుకున్నాను.

బండి మూలుగుతూ ఎక్కింది. ఆ బరువుకు ఆ గేరు చాలదు కాబట్టి అతను సగం క్లచ్ మీదే లాగాల్సి వచ్చింది. మలుపులో వెనక ఎడమ చక్రం గుంతలో తేలి గిరగిరా తిరిగింది. ట్రాక్షన్ కంట్రోల్ టకటకమని బ్రేకు పట్టింది. ఎడారి అలవాటు కొద్దీ మల్లేశం దాన్ని ఆపేశాడు. చక్రం ఇంకా లోతుకు దిగింది. లాక్ బటన్ నొక్కాడు. దీపం మిణుకుమంది, లాక్ పడలేదు. అప్పటికే కమురు వాసన వచ్చేసింది. ఆపమని చెప్పి, చక్రాల కింద రాళ్లు పెట్టించి, ఇనుము కొంత దింపించి, మెల్లగా వెనక్కి దించాం.

కింద చదును మీదికి వచ్చాక అడిగాను. సగం కోపం, సగం కుతూహలం. నాకు తెలియకుండానే సిరిసిల్ల మాట వచ్చేసింది.

“ఫోర్ లో పెట్టుమంటే ఎందుకు పెట్టలే?”

“పెట్టిన గద సార్. ఫోర్లనే ఉంది, చూడుండ్రి.”

“ఫోర్ లో అంటే నీకేం సమజైంది?”

అతను నన్ను జాలిగా చూశాడు. “ఫోర్ల అంటే ఫోర్ల సార్. రెండుల గాదు, నాలుగుల. మీరు సార్లు ‘లో’ అంటరు, మేం ‘ల’ అంటం. గంతే గద.”

నేను తల తిప్పి బోర్డు చూశాను. ‘4 లో నడపవలెను.’ ఇన్ని రోజులుగా దాటిపోతున్న బోర్డు. మా ఊళ్లో ఇంట్లో అనేదాన్ని ‘ఇంట్ల’ అంటాం, బడిలో అనేదాన్ని ‘బడిల’ అంటాం. పుస్తకాల తెలుగు వినబడితే ‘లో’ని మా చెవి దానంతట అదే ‘ల’ చేసుకుంటుంది. ఇన్‌చార్జి ‘లో’ అంటే తక్కువ అనే ఇంగ్లిషు మాట చెబుతున్నాడు. డ్రైవర్లు నాలుగులో వేయమన్నాడని వింటున్నారు. నాలుగని ఉన్నవాటిలో మీటకు ముందుగా తగిలేది 4H. వాళ్లు ‘ఫోర్ల పెట్టిన’ అంటే, వాకీటాకీ గరగరలో అతనికి ‘ఫోర్ లో పెట్టిన’ అని వినబడుతోంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. లాక్ ముడి కూడా విడిపోయింది. మా బండ్లలో లాక్ ఫోర్ లోలో తప్ప పడదు. షెడ్డు దగ్గర నేను ఫోర్ లో వేసి చూశాను కాబట్టి పడింది.

ఇంకొక్క ముడి మిగిలింది. ఎడారిలో తిరిగినవాడికి ఫోర్ లో తెలియదా? 4L మీద వేలు పెట్టి అడిగాను.

“అది ఎర్కే సార్. ఆడ నాలుగు చక్రాలు లాగితే మేం డబుల్ అంటం. ఇది తేలిక డబుల్, అది బరువు డబుల్. వచ్చిన కొత్తల పెద్ద సారును అడిగిన, బరువు డబుల్ ఏస్తనా అని. డబుల్ గిబుల్ ఏం లేదు, చెప్పింది చెయ్యి అన్నడు. వద్దంటుండు గావచ్చు అని ఊకున్న.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను. మల్లేశం మాత్రం నవ్వలేదు. “ఇగ నన్ను పంపుతరా సార్?” అన్నాడు.

ఇన్‌చార్జిని కిందికి పిలిచాను. మిగతా డ్రైవర్లను కూడా పిలిపించి, బోర్డు మీద ఉన్నట్టు వేయమని ఒక్కొక్కరినీ సీట్లో కూర్చోబెట్టాను. అందరి చేతులూ 4H దగ్గరే ఆగాయి. ఒకతను ఎల్ అంటే లాక్ అని, ముట్టుకుంటే చెడిపోతుందని కూడా చెప్పాడు. ఇన్‌చార్జి ముఖం ఎర్రబడింది.

“ఇన్నాళ్లుగా నేను ఫోర్ లో అనే కదండీ చెబుతున్నాను” అన్నాడు.

“వాళ్లూ ఇన్నాళ్లుగా ఫోర్లనే పెడుతున్నారు” అన్నాను.

దించిన ఇనుము మళ్లీ ఎక్కించి, ఈసారి మల్లేశం మాటతోనే ఆదేశం ఇమ్మన్నాను. ఇన్‌చార్జి పైకి నడిచి వెళ్లి, వాకీటాకీలో కాస్త మొహమాటపడుతూ “బరువు డబుల్ పెట్టు” అన్నాడు. మల్లేశం క్లచ్ తొక్కి, మీట నొక్కి చివరిదాకా తిప్పాడు. దీపం మిణుకుమని నిలబడింది. లాక్ నొక్కాడు, పడింది. ట్రాక్షన్ కంట్రోల్ ముట్టుకోవద్దని, ఇది ఇసుక కాదని, బురదలో జారే చక్రాన్ని పట్టుకునే చెయ్యి అదేనని చెప్పాను. తల ఊపాడు. మొదటి గేరులో వదిలి, క్లచ్ మీది నుంచి కాలు తీసేశాడు. బండి మనిషి నడిచినంత మెల్లగా, మలుపులో కూడా తడబడకుండా, పైకి పోయి ఆగింది. ఇన్‌చార్జి బండి చుట్టూ తిరిగి వాసన చూశాడు. ఏ వాసనా లేదు. “మల్లేశం, నువ్వు అప్పుడు అడిగావు కదూ, డబుల్ అని” అన్నాడు నెమ్మదిగా. మల్లేశం బండి దిగి ఇనుముకు కట్టిన తాళ్లు విప్పసాగాడు.

క్లచ్చులు మాడింది మాట వల్లనే కానీ మనిషి వల్ల కాదని, మల్లేశం పనికొస్తాడని, బురదలో మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ వాడకం నేర్పాలని రాసిచ్చాను. ఆ నేర్పడం కూడా నేనే చేసి వచ్చాను. కొత్త బోర్డుకు కోరుట్ల నుంచి పెయింటర్ వచ్చాడు. ‘బరువు డబుల్’ అని రాయమంటే బ్రష్ పట్టుకుని ఆలోచించాడు. “డబుల్ అంటే ఏంది సార్, రెండుసార్లు రాయాల్నా?” అన్నాడు. దాంతో నాకు ఇంకాస్త బుద్ధి వచ్చింది. మాటల కింద మీట బొమ్మ వేయించి, 4L దగ్గర ఎర్ర బాణం గీయించాను.

శనివారం మల్లేశం మెట్‌పల్లి పోయి పాస్‌పోర్ట్ వెనక్కి తెచ్చుకున్నాడు. సోమవారం పనికి ఆలస్యంగా వచ్చాడు. కారణం అడిగితే పొద్దున్నే బిడ్డతో కొట్లాట అయిందన్నాడు.

ఒక మనిషి సముద్రం దాటడం, దాటకపోవడం ‘ల’కు ఓత్వం ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడటం నా ఉద్యోగంలో అదొక్కసారే చూశాను. మిగిలిన రెండేళ్లలో ఎవరికి ఏ ఆదేశం ఇచ్చినా, అర్థమైందా అని అడగలేదు. ఆ ప్రశ్నకు అందరూ అయిందనే అంటారు, నిజంగానే అయిందనుకుంటారు కూడా. పక్క సీట్లో కూర్చుని, ఏం పెట్టినవో చూపించు అని అడిగేవాణ్ణి.