సింహాచలం తెచ్చిన చేప

మలేసియాలోని బాగన్ దాతుక్ కాలవలో సింహాచలం గాలానికి తిరుగులేదని పేరు. టికెట్టు కొని చెరువులో చేపలు పట్టి, మళ్ళీ అందులోనే వదిలేసే వాళ్ళంటే అతనికి మహా వెటకారం. మనవరాలి పుట్టినరోజుకి కాలవ చేప తెస్తానన్నాడు. మూడు రోజులు ఒక్కటీ పడక, చివరికి ఆ టికెట్టు చెరువుకే పోయాడు. అక్కడ పట్టిన పెద్ద సంకరజాతి చేపను డబ్బు కట్టి తెచ్చి, కాలవదేనంటూ మీసం తిప్పాడు.

చేప తోముతున్న చెల్లెలు పాపాయి దాని పెదవి చూసింది. నిండా పాత గాలపు చిల్లులే.

“ఇది కాలవలో ఎన్నిసార్లు దొరికినాదేటి అన్నా?” అంది, అతనికొక్కడికే వినపడేలా.

సింహాచలం మీసం మీంచి చెయ్యి దించాడు.

పట్టినవాడికే తలకాయ వడ్డించడం ఆ ఇంటి ఆనవాయితీ. పాపాయి దాన్ని చిల్లుల మూతితో సహా పిల్లికి పడేసింది.

“తాతకి తలకాయేది?” అంది మనవరాలు.

“పిల్లి ఎత్తుకెళ్ళినాది లా,” అంది పాపాయి, మలై వాళ్ళ ‘లా’ తగిలించి.

సింహాచలం తలెత్తకుండా తిన్నాడు.