జవాబు రాని మంచం

మా అన్నయ్య జోసెఫ్ పోయి ఈ వానాకాలానికి ఏడాది. రాయపూర్‌లో అతన్ని ఎరిగినవాళ్లు తక్కువ. ఆ ఊళ్లోని భన్‌పురిలో ఒక రేకుల షెడ్డులో, స్నేహితుడు అమ్మిరాజుతో కలిసి రైస్‌మిల్లులకు వేడి చూపే మీటర్లు చేసేవాడు. తొంభై ఆరు నాటికి ఆ మీటర్లు అడిగేవారు లేరు. షెడ్డు మూసే స్థితిలో, మా వదిన సారమ్మ నర్సుగా ఉన్న ఆసుపత్రి నుంచి ఒక పని వచ్చింది. రోగి మీట నొక్కితే నర్సుల గదిలో ఆ మంచం దీపం వెలగాలి. గోడలు పగలగొట్టకూడదు. వార్డంతా తిరిగే పాత గంట తీగతోనే సరిపెట్టాలి. ముందు ఒక్క వార్డు, నచ్చితేనే మిగతావి.

మంచానికొక చిన్న పెట్టె. అన్నిటికీ ఒకటే తీగ. అవి ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలన్నదే మా ఇంట్లో భోజనాల దగ్గర తగవు.

"నొక్కగానే పెట్టె మాట్లాడెయ్యాలి గురూ. రోగిని లైన్లో నిలబెడతావా, రేషన్ దుకాణమా ఇది?" అన్నాడు అమ్మిరాజు.

"ఇద్దరు ఒకేసారి నొక్కితే? ఇద్దరి మాటా చెడుతుంది," అన్నాడు అన్నయ్య.

"మళ్లీ చెప్పిస్తా. దానికో ప్రోగ్రాం రాస్తాలే, టెన్షన్ మత్ లో, కంగారుపడకు."

రెండో దారి తేలికైనదే. నర్సుల గదిలోని పెట్టె ఒక్కో మంచాన్నీ వరసగా అడుగుతుంది, అడిగినదే జవాబిస్తుంది. కానీ నొప్పితో ఉన్నవాణ్ణి రెండు క్షణాలైనా ఆగమనడం అన్నయ్యకు మింగుడుపడలేదు.

వదిన చారు పోస్తూ అంది: "గంట కొట్టేవాళ్ల కోసమే కొట్టుకుంటున్నారు. కొట్టలేనోళ్ల మాటేంటండీ? డ్యూటీలో నేను మంచం మంచానికీ వెళ్లి పలకరిస్తా. పలక్కపోతే పరిగెడతా."

"చెల్లెమ్మా, మా షెడ్డుకొచ్చెయ్యి," అన్నాడు అమ్మిరాజు.

"జీతమిచ్చే మొహాలేనా అన్నయ్యగారూ అవి?"

అన్నయ్య అన్నం కలపడం ఆపేశాడు. వరసగా అడిగితే, పెట్టె చెడో తీగ ఊడో జవాబు రాకపోవడం కూడా తెలుస్తుంది. ఆ పద్ధతే ఖాయం చేశాడు.

పరీక్ష రోజు మేట్రన్ లీలావతి రెండు మీటలు ఒకేసారి నొక్కించింది. రెండు దీపాలూ వెలిగాయి. అంతలో చివరి మంచం దీపం దానంతటదే మిణుకుమంది. ఆవిడ ముఖం ముడుచుకుంది.

"ఎవరూ నొక్కలేదే!"

"నొక్కలేదండీ. ఆ మంచం జవాబివ్వడం లేదు. అందుకే మిణుకుమంటోంది," అన్నాడు అన్నయ్య.

ఆ మంచం పక్కనున్న బీరువా జరిపి చూస్తే గోడమీద తుప్పుపట్టిన అతుకు ఊడి ఉంది. అన్నయ్య తీగలు గీకి మెలిపెట్టాడు. దీపం ఆరింది.

మేట్రన్ వంగి ఆ అతుకు చూసింది. "పాత గంట ఇలాగే మూగబోతే మాకెవరు చెప్పేవారు?" అంది. తర్వాత, "మిగతా వార్డులకూ పెట్టండి. మా నర్సు పిల్లలు రౌండ్లు మాత్రం మానరు."

"మానకూడదండీ," అన్నాడు అన్నయ్య.

బయట అమ్మిరాజు స్కూటర్ కిక్ కొట్టి, "చలో, షెడ్డు తెరుద్దాం," అన్నాడు.