మాస్టారికి తొమ్మిది మార్కులు

పదో తరగతికి ప్రపంచ చరిత్ర చెప్పే ఆయనకు పిల్లలు పెట్టిన పేరు సున్నా మాస్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా. బడి తెరిచిన మొదటి రోజే బల్ల మీద చెయ్యి చరిచి తన షరతులు వినిపించేవాడు. రాసిన ప్రతి మాటకూ కారణం చూపాలి. పుస్తకంలోని వాక్యాలు దించకూడదు. గడువు ఒక్క పూట దాటినా సున్నా, కాగితం తెరిచి కూడా చూడడు. ఈ చివరి షరతు చెప్పేటప్పుడు ఆయన గొంతు సామ్రాజ్యాలు కూలిపోయిన పాఠంలో కంటే గంభీరంగా ఉండేది.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. మాస్టారు ఆ గింజకంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు, తన నలుపు తనకు బాగా తెలుసు. ఇంట్లో కరెంటు బిల్లు గడువులోగా కట్టేది భార్యే. ఆయన వీధి మలుపు తిరిగేసరికి బస్సు వెళ్ళిపోతూ ఉండేది. "నాలాంటివాడు ఇంకొకడు తయారుకాకూడదనే నా తాపత్రయమంతా" అని తన మీద తానే జోకు వేసుకుని హాయిగా బతికేస్తున్నాడు.

ఆ ఏడు ఆఖరి వ్యాసం, మొదటి ప్రపంచ యుద్ధం ఎందుకొచ్చిందని. వ్యాసాలు టైపు చేసి ఇవ్వాలి. ఆఫీసులో గుమాస్తా పేర్లున్న అట్టలు తీసేసి నంబర్లు వేస్తాడు, పక్క సెక్షను మాస్టారు దిద్దుతాడు. ఆ పక్క సెక్షను మాస్టారు ఈయనకు స్వయానా బావమరిది. అతనికి వ్యాసాలతోపాటు, పూర్తి మార్కులు రావాలంటే ఎలా రాయాలో ఒక నమూనా వ్యాసం కూడా ఇవ్వాలి. అన్నిటికీ గడువు శుక్రవారం. పిల్లలంతా ఇచ్చారు, ఒక్క అమ్మాయి తప్ప. మాస్టారి నమూనా మాత్రం ఆదివారం తయారైంది. ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతుంటే భార్య టైపు చేసింది.

"ఇదంతా ఎక్కడో చదివినట్టే ఉందండీ," అంది ఆవిడ.

"చరిత్ర కదా, కొత్తగా ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నాడు మాస్టారు.

సోమవారం పొద్దున ఆ అమ్మాయి వరండాలో ఎదురైంది.

"సున్నా," అన్నాడు మాస్టారు, చెయ్యి చాపకుండానే.

"శుక్రవారానికే రాశాను సార్. చూస్తే అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. మీరు వద్దన్నారు కదా, చింపేసి మళ్ళీ రాశాను."

"బాగుంది, తప్పు నాదన్నమాట!"

"జ్వరమొచ్చి మొదటి పరీక్ష పోయింది సార్. ఇదీ పోతే చరిత్ర తప్పుతాను. తప్పితే చదువు మాన్పిస్తానన్నారు నాన్న."

మాస్టారి గుండె కలుక్కుమంది. కానీ చుట్టూ పిల్లలు చూస్తున్నారు. "రూలంటే రూలే," అనేసి, కాగితాలు మాత్రం లాక్కుని సంచిలో కుక్కేశాడు. ఆ సంచిలోనే శుక్రవారం వ్యాసాలూ ఉన్నాయి, నమూనా అని పైన రాయడం మరిచిపోయిన ఆయన సొంత వ్యాసమూ ఉంది. అన్నీ కలిపి ఆఫీసులో పడేశాడు. గుమాస్తా అన్నిటికీ నంబర్లు వేసేశాడు.

వారం తర్వాత బావమరిది దిద్దిన కట్ట పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చాడు.

"నీ నమూనా ఇవ్వనేలేదు బావా, నాకు తోచినట్టు దిద్దాను. ఇదిగో, వీడెవడో చెప్పు, ఒకసారి చూడాలి."

ఇరవైకి తొమ్మిది. కింద ఎర్రసిరాతో, 'చదివాడు గానీ ఆలోచించలేదు. సొంత మాట ఒక్కటీ లేదు. వీళ్ళ మాస్టారు ఏం చెబుతున్నట్టు?' అని ఉంది. మాస్టారు వ్యాసంలో రెండు వాక్యాలు చదివేసరికి తల కొట్టేసినట్టయింది.

"వాడు నేనేరా."

బావమరిది నాలుక కరుచుకున్నాడు. "అయ్యో! ఇలా ఇవ్వు, పదిహేను చేస్తాను."

"వద్దు. తొమ్మిదే ఎక్కువ. ఆలస్యంగా ఇచ్చాను కాబట్టి అసలు సున్నా."

గుమాస్తా నంబర్ల జాబితా చూస్తే, అన్నిటికంటే ఎక్కువ, పదహారు వచ్చిన వ్యాసం ఆ అమ్మాయిది. 'యుద్ధానికి దిగిన రాజుల్లో ముగ్గురు దగ్గరి చుట్టాలే,' అని రాసింది. 'ముందు తగ్గితే చులకనైపోతామని ఎవరికి వారే భయపడ్డారు. ఆ భయానికి సంబంధం లేనివాళ్ళు చచ్చిపోయారు.' మాస్టారు ఆ ముక్క రెండోసారి చదివాడు. వరండాలో తన మొహం ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే సిగ్గేసింది.

మర్నాడు క్లాసులో తన తొమ్మిది మార్కులూ, ఎర్రసిరా మాటలూ పైకి చదివాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు, ఆయనా నవ్వాడు. "నేనూ సోమవారమే ఇచ్చాను. నాకు లేని సున్నా ఈ అమ్మాయికి ఎందుకు? పదహారూ వేస్తున్నాను," అన్నాడు. ఆ పిల్ల రెండు చేతుల్లో మొహం దాచుకుంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. తన పెద్దమనసుకు మాస్టారికే ముచ్చటేసింది.

చివరి బెంచీలోని పొడుగాటి కుర్రాడు ఒకడు లేచి నిలబడ్డాడు.

"పోయిన టర్ములో నాదీ ఒక్కరోజే ఆలస్యం సార్."

చప్పట్లు ఆగిపోయాయి.

"ఆ కాగితాలు ఏవిరా?"

"మీరు చెత్తబుట్టలో వేశారు సార్. బాగా రాశాను. మా అమ్మకు చదివి వినిపించాను కూడా."

మాస్టారు బెంచీల మధ్య నుంచి నడిచి వెళ్ళి, వాడి పక్కన ఉన్న ఖాళీలో కూర్చున్నాడు.

"ఏం రాశావో చెప్పు. ఇప్పుడు వింటాను."

వాడు చాలాసేపు ఆలోచించాడు.

"గుర్తులేదు సార్," అన్నాడు.