పచ్చ అంటే ఏ పచ్చ? జనగామ దారంతో భూపాలపల్లి చెరువుకు

జూన్ 21, శనివారం. ఈరోజు మొదటి ఆశ్చర్యం జనగామలో పొద్దున ఎనిమిదిన్నరకే ఎదురైంది. మాటలు నేర్చినప్పటి నుంచి నేను వాడుతున్న ఒక మాటకు అర్థమేమిటని దారాల దుకాణం యాకూబ్ అన్న అడిగాడు. ఆ ప్రశ్న నాకు ఎంత వింతగా తోచిందంటే, నవ్వేశాను.

ముందు ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. నేను డిగ్రీ రెండో సంవత్సరం తెలుగు విద్యార్థిని. ఏడాదిగా ఫ్లై ఫిషింగ్ పిచ్చి పట్టుకుంది. ఇందులో వానపాములు ఉండవు. గాలపు ముల్లుకు ఈకలు, దారం చుట్టి పురుగులాగో కప్పలాగో ఎర తయారుచేసి, నీటి మీదికి విసరాలి. ఏ రంగు ఈక, ఏ రంగు దారం అన్నదే సగం విద్య. నా హాస్టల్ స్నేహితురాలు స్రవంతి వాళ్ల తాత సమ్మయ్య బాపు భూపాలపల్లి దగ్గర ఒక ఊరి చెరువులో యాభై ఏళ్లుగా చేపలు పడుతున్నాడు. పోయిన వారం ఆయన ఫోన్‌లో ఇలా అన్నాడు: "తొలకరికి కొర్రమట్ట కప్పల మీదికి దుంకుతది బిడ్డా. కప్పను కట్టుకరా. వీపు నల్లగ, కడుపు పచ్చగ. గంతే." కొరమీనునే అక్కడ కొర్రమట్ట అంటారు. ఆయన మత్స్యకారుల సంఘం వాళ్లను బతిమాలి నాకు అనుమతి తీసుకున్నాడు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి చెరువులో వలలు దిగుతాయి. అప్పటిదాకానే నాకు అవకాశం. నా చేత్తో కట్టిన ఎరకు ఒక్క కొర్రమట్ట పడాలన్నదే నా కోరిక.

యాకూబ్ అన్న దుకాణం జనగామ బస్టాండుకు ఐదు నిమిషాల నడక. మగ్గం పనివాళ్లు కొనే పట్టుదారాలు గోడంతా రంగురంగులుగా వేలాడుతుంటే అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు. పచ్చ దారం అడిగాను. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"పచ్చ అంటే హరానా, పీలానా?"

"పచ్చ అంటే పచ్చే కదన్నా! కప్పకు."

"కప్పకా? యా అల్లా, కప్పలకు గూడ బ్లౌజులు కుట్టిస్తున్నరా చెల్లె?" అంటూ చిలకరంగు ఉండ తీసి ఇచ్చాడు. నలభై రూపాయలు.

తొమ్మిదింపావు బస్సెక్కి పాలకుర్తి మీదుగా పదకొండుకు తొర్రూరు, అక్కడ మారి పన్నెండుంపావుకు మహబూబాబాద్ చేరాను. ఊళ్లో అందరూ మానుకోట అనే అంటారు. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. అంగట్లో నాటుకోళ్లు అమ్మే కౌసల్యక్కను పుంజు మెడ ఈకలు అడిగాను. ఎరకు అవే మేలు, సన్నగా ఉండి నీళ్లలో ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతాయి. ఆమెకు ప్రతి రంగుకూ ఒక పేరుంది. ఎర్రది డేగ, నల్లది కాకి. నోట్‌బుక్ తీసి రాసుకుంటుంటే, "కోడిని తింటరు గని పేర్లు రాస్కుంటరా?" అని నవ్వింది. ముప్పై రూపాయలకు గుప్పెడు కాకి ఈకలు ఇచ్చి, పైన కొన్ని తెల్లవి వేసింది.

"తెల్లవి నాకెందుకక్కా?"

"ఉత్తగనే తీస్కపో. గవి బరువా?"

ఒంటిగంటన్నర బస్సు కోసం చూస్తూ బస్టాండు బెంచీ మీద మూడు కప్పలు కట్టాను. నల్ల ఈకల వీపు, చిలకరంగు కడుపు. నా పనిని చాలాసేపు గమనించిన ఒక బస్సు డ్రైవరు చివరికి ఆగలేక అడిగాడు: "ఎవలికి చెల్లె తాయెత్తు?"

"కొర్రమట్టకన్నా."

"దానికి నీ మీద మనసు గలగాల్నా?" బెంచీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నేరుగా వెళ్లే బస్సు నాకు దొరకలేదు. నర్సంపేటలో, ములుగులో మారి ఐదుంపావుకు భూపాలపల్లిలో దిగాను. అక్కడి నుంచి ఆటోకు నూటయాభై. చెరువు కట్ట మీద సమ్మయ్య బాపుతోపాటు వలలు సర్దుకుంటున్న నలుగురు నాకోసం కాచుకుని ఉన్నారు. "సమ్మయ్యా, కోడీకకు చేప పడితే మేం వలలు అమ్ముకుంటం" అని వాళ్లు అప్పటికే ఆయన్ను ఆటపట్టిస్తున్నారు. నేను గర్వంగా డబ్బా తెరిచాను. బాపు ముఖం మారిపోయింది.

"గిదేంది బిడ్డా? పచ్చగ కట్టమంటే ఆకుపచ్చ కట్టినవ్?"

"ఇది పచ్చే కదా బాపు!"

ఆయన నా చెయ్యి పట్టుకుని కట్ట దిగువన వాననీటి గుంట దగ్గరికి తీసుకుపోయాడు. అందులో పెద్ద కప్పలు అరుస్తున్నాయి. ఒళ్లంతా పసుపు పూసుకుని పెళ్లికి కూర్చున్నట్టు ఉన్నాయి! తొలివానలకు మగకప్పలు ఇలా రంగు మారతాయని నాకు తెలియదు. "గిది పచ్చ" అన్నాడు బాపు.

అయినా వెలుతురు ఉండగానే నా చిలకరంగు కప్పను విసిరాను. నాలుగోసారి దాని వెనకాల నీళ్లు ఉబ్బాయి. జానెడు దూరం దాకా వచ్చిన చేప అక్కడే తిరిగిపోయింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

"చేప కిందికెల్లి చూస్తది. దానికి కనవడేది కడుపే" అన్నాడు బాపు నెమ్మదిగా. "నీళ్లేమో మట్టినీళ్లు. నీ ఆకుపచ్చ గడ్డిల కలిసిపాయె. పచ్చదైతే గా మట్టిల గూడ మెరుస్తది." నేను పుస్తకాల్లో వెతుక్కున్న విషయాన్ని ఆయన మూడు ముక్కల్లో చెప్పాడు.

ఇంట్లో ఆయన కోడలు పద్మక్క అన్నం వార్చి, అదే పొయ్యి మీద చిన్న గిన్నెలో పసుపు నీళ్లు కాచింది. కౌసల్యక్క ఉత్తగా ఇచ్చిన తెల్ల ఈకలు, పద్మక్క కుట్టుపెట్టెలోని తెల్లదారం అందులో వేశాం. "సబ్బు చెయ్యి పెట్టకు, ఎర్రగైతయి" అని ఆమె నా చేతులు మళ్లీ కడిగించింది. ఈకలు ఆరుతుండగా యాకూబ్ అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, పీలా. పసుపు రంగు."

అటువైపు పెద్ద నవ్వు. "నేను గప్పుడే అడిగిన గద చెల్లె! మీ తెలుగోళ్లకు రెండిటికీ ఒకటే మాటాయె, మేం దుకాణంల పరేషాన్ అవుతున్నం."

తెలుగు చదువుతున్నాను కాబట్టి నా భాష నాకు తెలుసనుకున్నాను. ఆకుకూ పసుపుకూ ఒకే మాట సరిపోతుందని ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆగి చూడలేదు. ఆ మాటను రెండుగా చూసినవాడు రోజూ దారాలు అమ్మే మనిషి, దాని అసలు రంగు చూపించినవాడు బడికి పోని మనిషి. ఇవాళ చేప పడలేదన్న బాధ ఉంది. కానీ నా నోట్‌బుక్‌లో ఇంత మంచి పేజీ ఇంతకుముందు లేదు. మీరూ ఇలా ఎర కట్టుకుని బయల్దేరేటట్టయితే ఒక్క సలహా: అక్కడివాళ్లను రంగు పేరు అడగకండి, ఆ రంగు ఉన్న వస్తువును చూపించమనండి. ఫోన్‌లో ఫొటో అయినా చాలు.

రేపు నాలుగున్నరకు అలారం పెట్టాను. ఐదుకల్లా బాపుతో కట్ట మీద ఉండాలి, వలలు దిగేలోపు మూడు గంటలు దొరుకుతాయి. రెండు కప్పలు కట్టడం అయిపోయింది, మూడోది చేతిలో ఉంది. మంచం మీద నుంచి బాపు ఇప్పుడే గుర్తుచేశాడు: "పొద్దుగాల ముందుగాల పచ్చదే ఎయ్యాలె, బిడ్డా."

ఈసారి నేను అడిగాను: "ఏ పచ్చ, బాపు?"