అవిసాకు కింద దాచిన అన్నం

మేధకు ఒళ్లు మండిపోయింది. ఆదోనిలో వాళ్లింట్లో ఏకాదశి ఉపవాసం విడిచే ద్వాదశి పారణకు విస్తళ్లు వేశారు. తల్లి పద్మాబాయి చుట్టాల ముందు చిన్న కూతుర్ని పొగుడుతోంది.

"మా వైదేహి నిన్న ఏకాదశికి నీళ్లు గూడా ముట్టలేదు. గురువారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు. అంతా మా గురువు రాయరవారి దయ."

అబ్బో, ఏం భక్తి! ఇంటర్ చదివే రోజుల్లో మేధనూ ఇలాగే పొగిడింది. లావవుతానన్న భయంతో తిండి మానేసి మేధ దానికి దేవుడి పేరు పెట్టింది. దేవుడి పేరు చెబితే ఆ ఇంట్లో ఎవరు అడ్డుపడతారు? "అన్నం చూస్తే భయమైతాంది, డాక్టరుకు చూపించమ్మా" అని తనే నోరు తెరిచి అడిగితే దిష్టి తీసింది పద్మాబాయి. బడిపంతులు తండ్రి వెంకోబారావు పరీక్షలు కానిమ్మన్నాడు. వీధి చివరి డాక్టరైతే, "బరువు బాగానే ఉంది, ఇంకా తగ్గితే తీసుకురాండి" అన్నాడు. ఇంకా తగ్గాలట! తగ్గింది. జుట్టు రాలి, కాలేజీలో కళ్లు తిరిగి పడ్డాక గానీ కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోలేదు. ఈనాటికీ మేధ ముద్దముద్దకూ తనతో తాను పోట్లాడుతూనే తింటుంది.

ఇప్పుడు వైదేహి అన్నాన్ని అవిసాకు కూర కిందికి తోస్తోంది. ఆ విద్య మేధకు తెలియనిదా? చెల్లెలి విస్తరి ఎత్తి, నేరుగా మడి వంటింట్లోకి నడిచింది.

పద్మాబాయి వెనకే పరుగెత్తింది. "ఎంగిలాకు ఈడికి తెస్తివి గదే! మడంతా పాయె."

"ఎంగిలి యాడుందమ్మా? ఒక్క మెతుకు నోట్లో పెట్టలేదు సూడు. భక్తే అయితే పారణ సెయ్యాల గదా?"

పద్మాబాయి కూర తొలగించి చూసింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. అయినా గొంతు తగ్గించి, "నీ మాదిరి ఎముకలు తేలలేదు గదే, సూద్దాంలే" అన్నది.

"నావి తేలేదాకా సూసినారు గదా, సాలలేదా?"

తలుపు దగ్గర వైదేహి ఏడుస్తోంది. మేధ ఆమె చెయ్యి పట్టుకుని, చుట్టాల మధ్య నుంచే వీధిలోకి తీసుకుపోయింది.

"అక్కా, డాక్టరు నా బరువు బాగానే ఉందంటే?"

"ఇంకో డాక్టరు దగ్గరికి పోదాం. నీ మాట వినేటోళ్లు దొరికేదాకా ఇంటికి రాము."